అమీన్‌పూర్ పెద్ద చెరువు: పాత మట్టికట్టకు కొత్త బరువు

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లోని పెద్ద చెరువు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, అంటే 1550–1580 మధ్య, తోటలకూ పొలాలకూ నీరందించడానికి కట్టించినదిగా చరిత్రలో నమోదైన చెరువు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీనిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు, దేశంలో పట్టణ ప్రాంతపు జలాశయానికి అటువంటి గుర్తింపు దక్కడం అదే మొదటిసారి అయింది. ఒకవైపు పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు, మరొకవైపు హైదరాబాదు పడమటి శివారు కాలనీలు పెరుగుతూ రాగా, వాటి నడుమ మిగిలిన ఈ చెరువుకు చలికాలంలో వలస పక్షులు, వాటి వెంట కెమెరాలు పట్టుకున్నవారు, సెలవు రోజుల్లో పిల్లాపాపలతో షికారుకు వచ్చేవారు చేరుకుంటారు. వారసత్వ హోదా గురించి జరిగే చర్చల్లో పక్షులు, చేపలు, మొక్కలు ముందు నిలవడం సహజమే గాని, ఆ ప్రాణులన్నిటికీ ఆధారమైన నీటిని నిలిపి ఉంచుతున్నది నాలుగు శతాబ్దాల నాటి మట్టికట్ట అన్న సంగతికి మాత్రం ఆ చర్చల్లో తగినంత చోటు దొరకడం లేదు.

మట్టికట్ట అంటే పోసిన మట్టి కుప్ప కాదు, ఒక నిర్మాణం. దానికి నీటివైపు ఒక వాలు, బయటివైపు మరొక వాలు ఉంటాయి. అలలు కోయకుండా నీటివైపు వాలు మీద రాళ్లు పేర్చి రివిట్‌మెంట్ చేస్తారు. కట్ట అడుగున పొలాలకు నీరు వదిలే తూము ఉంటుంది. చెరువు నిండిన తరువాత అదనపు నీరు కట్టకు హాని చేయకుండా పక్కనుంచి దిగువకు పోయేందుకు ఒక చివర మత్తడి, అంటే అలుగు, ఉంటుంది. అలుగు మీదుగా నీరు పొర్లే మట్టానికీ కట్ట నెత్తికీ మధ్య ఖాళీగా ఉంచే ఎత్తును ఇంజనీర్లు ఫ్రీబోర్డ్ అంటారు. భారీ వరదలో మత్తడి మీద నీరు మందంగా పారుతున్నప్పుడు, గాలికి లేచిన అలలు కట్ట నెత్తిని తాకుతున్నప్పుడు, చెరువును కాపాడేది ఆ కాస్త ఎత్తే. మట్టి గుణం కూడా ముఖ్యమే. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో స్థిరపడినప్పుడు ఆ స్థలానికి ఉన్న పెద్ద అనుకూలత ఒకే ఆవరణలో ఎర్ర నేలలూ నల్లరేగడి నేలలూ ఉండటం. ఈ ప్రాంతంలో అటువంటి రెండు రకాల మట్టీ చేతికందుతుంది. నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది గాని ఎండకు లోతుగా నెర్రెలు విచ్చుతుంది. ఎర్రమట్టి, మొరం బరువును బాగా మోస్తాయి గాని వాటిలోంచి నీరు త్వరగా ఊరుతుంది. నీటిని ఆపే మట్టిని ఎక్కడ వేయాలి, బరువు మోసే మట్టిని ఎక్కడ వేయాలి, ఎంత తడితో ఎంత గట్టిగా తొక్కించాలి అన్నదే కట్ట పనిలోని అసలు నైపుణ్యం.

సాగుకు కట్టిన చెరువు ఏడాదిలో ఒకసారి నిండి, ఒకసారి ఎండేది. వానాకాలంలో చేరిన నీరు యాసంగి పంటతో తరిగిపోగా, ఎండాకాలం నాటికి చెరువు అడుగు బయటపడి, కట్ట నీటివైపు వాలు మొదలంటా కనిపించేది. జారిన రాళ్లను సర్దడం, తూము నోటిలో చేరిన పూడిక తీయడం, కుంగినచోట మట్టి వేయడం ఆ రెండు మూడు నెలల్లోనే జరిగేవి. నీటి పంపకం చూసే నీరటి రోజూ కట్ట వెంట నడిచేవాడు కనుక, నిన్న లేని తడి ఇవాళ కనిపిస్తే అతనికి తెలిసేది. ఊరు కట్ట మీద కట్టమైసమ్మను నిలిపి ఏటా కొలుచుకోవడంలో భక్తితోపాటు, ఈ కట్ట తెగితే ఊరు మిగలదన్న ఎరుక కూడా ఉంది. ఆయకట్టు కాలనీలుగా మారిన తరువాత ఈ క్రమమంతా తలకిందులైంది. తూము తెరవవలసిన అవసరం పోయింది, నీరటి పని పోయింది, ఎగువ కాలనీల మురుగునీరు వేసవిలో కూడా చేరుతుండటంతో పట్టణ చెరువులు చాలావరకు ఏడాది పొడవునా నిండుగానే ఉంటున్నాయి. చూడవచ్చేవారికి నిండు చెరువు కనుల పండువే. అయితే నీరు ఎంత ఎత్తున ఎంతకాలం నిలిస్తే కట్ట లోపలి మట్టి అంత పైదాకా, అంత లోతుగా నానుతుంది. అంతేకాక, ఎన్నడూ ఎండని చెరువులో నీటివైపు వాలు కింది భాగాన్ని కంటితో చూసే అవకాశమే రాదు. మరమ్మతుకు సహజంగా దొరికే రుతువును ఈ చెరువులు పోగొట్టుకున్నాయి, దానికి బదులుగా మరే ఏర్పాటూ వాటికి దక్కలేదు.

ప్రపంచవ్యాప్తంగా తెగిన మట్టి ఆనకట్టలను ఇంజనీర్లు పరిశీలించగా, దాదాపు సగం వరద పొంగి కట్ట మీదుగా పొర్లడం వల్ల లేదా మత్తడి దెబ్బతినడం వల్ల, సగానికి కాస్త తక్కువ కట్ట లోపలే నీరు దారి చేసుకోవడం వల్ల తెగినట్టు తేలింది. వాలు జారిపడటం వల్ల తెగినవి చాలా కొద్ది. కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీరు పొర్లినా అది కొంతసేపు నిలబడవచ్చు గాని, మట్టికట్ట నెత్తి మీదుగా నీరు పారడం మొదలైతే బయటివైపు వాలు కోసుకుపోయి గండి పడటానికి ఎక్కువ సమయం పట్టదు. ఈ విషయంలో హైదరాబాదు ప్రాంతానికి కలిగిన అనుభవం కంటే పెద్ద పాఠం ఎక్కడా దొరకదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తిన తరువాత కారణాలను పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. గొలుసుకట్టు చెరువుల బలమూ బలహీనతా ఒకటే: పై చెరువు మత్తడి నీరు కింది చెరువును నింపుతుంది, పై చెరువు గండి నీరు కింది చెరువును తెంపుతుంది. ఒక కట్ట భద్రత దాని ఎగువనున్న కట్టలన్నిటి భద్రతతో ముడిపడి ఉంటుంది కనుక, ఒక్క చెరువును ఎంచుకుని బాగుచేయడం వల్ల వచ్చే ధీమా అరకొర ధీమాయే.

మత్తడి ఎంత వెడల్పు ఉండాలన్నది ఎగువ నుంచి ఎంత వరద రాగలదన్న అంచనా మీద ఆధారపడుతుంది. నిజాం రాజ్యపు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరిట దక్కను పరీవాహక ప్రాంతాల వరదను లెక్కగట్టే సూత్రం ఒకటి ఇప్పటికీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉంది. అటువంటి సూత్రాలు రూపొందిన కాలంలో ఎగువ నేలంతా పొలాలు, బంజర్లు, గుట్టలు. కురిసిన వానలో చాలా భాగం ఇంకిపోయి, మిగిలినది నెమ్మదిగా చెరువు చేరేది. ఆ నేల మీద ఇప్పుడు స్లాబులు, సిమెంటు రోడ్లు, పరిశ్రమల షెడ్లు ఉన్నాయి కనుక అదే వాన అంతకంటే చాలా ఎక్కువ నీటిని, చాలా తక్కువ సమయంలో చెరువులోకి దించుతుంది. వరద పెరిగినప్పుడు మత్తడి వెడల్పు పెరగవలసింది పోయి, రోడ్డు వేయడం వల్ల, నిర్మాణాల వల్ల, మట్టి చేరడం వల్ల అది ఇరుకైపోవడం పట్టణ శివారుల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాదు దక్షిణ శివారున పల్లె చెరువు, అప్ప చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగి ప్రాణనష్టం జరిగినప్పుడు ఈ సంగతి మరోసారి బయటపడింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోవడానికి గేట్ల సామర్థ్యాన్ని మించిన వరద కారణమైతే, అప్పటికే ఒక గేటు పనిచేయకపోవడం దానికి తోడైంది. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టుకు గేట్లు సకాలంలో పూర్తిగా తెరుచుకోక మట్టికట్టకు గండి పడింది. కట్ట పాతదైనా కొత్తదైనా, నీరు బయటికి పోవలసిన దారి మూసుకుంటే ఫలితం ఒకటే.

అమీన్‌పూర్‌లో కూడా 2024లో వచ్చిన వివాదం ఈ దారి గురించినదే. అలుగులు, తూములు మూసుకుపోవడం వల్ల చెరువు నీరు ఎగువకు విస్తరించి తమ ప్లాట్లు మునుగుతున్నాయని లేఅవుట్ల యజమానులు, నివాసులు నగర ప్రాంతపు చెరువుల పరిరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ హైడ్రాను ఆశ్రయించారు. ప్లాట్లు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్, గీతకు లోపల ఉన్నాయా వెలుపల ఉన్నాయా అన్నది సర్వే తేల్చవలసిన ప్రశ్న. ఇటువంటి తగాదాల్లో వాదోపవాదాలన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి. కట్ట భద్రత కోణంలో చూస్తే దానికంటే అత్యవసరమైన ప్రశ్న మరొకటి ఉంది: మత్తడి మట్టం పెరిగితే ఫ్రీబోర్డ్ తరిగిపోతుంది, కట్ట మొదట లెక్కించిన దానికంటే ఎక్కువ ఎత్తున నీటిని మోయవలసి వస్తుంది. మునిగిన ప్లాటు యజమాని ఫిర్యాదు చేయగలడు. అదనపు బరువు మోస్తున్న కట్ట తరఫున ఫిర్యాదు చేసేవారు ఉండరు.

వరద పొర్లడం కంటే కట్ట లోపలి కోత మోసకరమైనది, ఎందుకంటే అది వానలేని రోజున, మబ్బులేని ఆకాశం కింద కూడా మొదలుకాగలదు. ప్రతి మట్టికట్టలోంచీ కొంత నీరు ఊరుతుంది, అది తప్పు కాదు. ఊరే నీరు మట్టి రేణువులను వెంట తీసుకుపోతోందా లేదా అన్నదే చూడవలసింది. రేణువులు కదలడం మొదలైతే బయటివైపు నుంచి లోపలికి సన్నని సొరంగం తొలుచుకుంటూ పోతుంది, పల్లెల్లో దీన్నే కట్టకు బుంగ పడిందంటారు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సుమారు 93 మీటర్ల ఎత్తైన టీటన్ ఆనకట్టకు 1976 జూన్ 5 ఉదయం బురదనీటి ఊట కనిపించగా, మధ్యాహ్నం కావస్తుండగానే ఆనకట్ట కూలిపోయింది. కట్ట పాదం వద్ద ఊటను పరీక్షించడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. ఒక గాజు సీసాలో ఊటనీరు పట్టి కదపకుండా ఉంచితే, గంట తరువాత అడుగున మట్టి పేరుకుందా లేదా అన్నది కనిపిస్తుంది. ఊట కాలువకు అడ్డంగా వి ఆకారంలో గాటు కోసిన రేకును నిలిపి, గాటులో నీరు ఎంత ఎత్తున పారుతోందో స్కేలుతో చూసి, చెరువు నీటిమట్టంతోపాటు వారానికొకసారి రాసుకుంటే, చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగిన రోజు ఆ పుస్తకమే చెబుతుంది. నీటివైపు కట్టకు దగ్గరగా చిన్న సుడి తిరగడం, కట్ట నెత్తి మీద గుంట పడటం, బయటి వాలు మీద ఒకేచోట గడ్డి వేసవిలో కూడా పచ్చగా ఉండటం కూడా గుర్తులే. బురదనీరు వస్తున్నచోట బంకమట్టితో, సిమెంటుతో పూడ్చివేయాలన్న తొందర చాలామందికి కలుగుతుంది. అది ప్రమాదకరం, లోపలి నీరు ఒత్తిడి పెరిగి మరోచోట చీల్చుకుని వస్తుంది. ఆ చోట మొదట ఇసుక, దానిపై చిన్న కంకర, దానిపై పెద్ద కంకర పొరలుగా వేస్తే నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది. దానితోపాటు తూము తెరిచి, అవసరమైతే మోటార్లు పెట్టి చెరువు మట్టం దించాలి.

బుంగ ఎక్కువగా పుట్టేది తూము వెంటే. పాత తూము రాతి పలకలతో కట్టిన గొట్టం. దాని గోడకూ మట్టికీ మధ్య అతుకు ఎన్ని వందల ఏళ్లయినా పూర్తిగా ఒకటి కాదు. సాగు లేదు కనుక తూముతో పనిలేదనుకుని నీటివైపు నోటిని మాత్రం మట్టితోనో కాంక్రీటుతోనో మూసేస్తే, కట్ట గుండెలో ఒక ఖాళీ గది మిగిలిపోతుంది. దాని పలక ఒకటి కుంగితే పైన ఉన్న మట్టి అందులోకి జారుతుంది. తూమును వాడుకలో ఉంచడమో, లేక మొత్తం పొడవునా నింపి శాశ్వతంగా మూసి దాని బదులు నీటిని దించే మరో మార్గం కట్టడమో, ఈ రెండింటిలో ఒకటి జరగాలి. ఆపద సమయంలో మట్టం దించే మార్గమే లేని చెరువుకు, బుంగ కనిపించినా చేయగలిగింది చాలా తక్కువ.

చెట్ల విషయంలో సదుద్దేశంతోనే హాని జరుగుతుంది. నీడ కోసం కట్ట మీద నాటిన మొక్కలు, ఎవరూ నాటకుండానే అల్లుకున్న సర్కారు తుమ్మలు పెరిగి పెద్దవైతే, గాలివానకు ఒక మాను కూలినప్పుడు వేళ్లతోపాటు బండెడు మట్టి పెకలివస్తుంది. అయితే మానును నేల మట్టానికి నరికి వదిలేయడం కూడా పరిష్కారం కాదు, ఎందుకంటే కొన్నేళ్లకు వేళ్లు కుళ్లి ఆ ఖాళీల్లోంచి నీరు దారి చేసుకుంటుంది. మొద్దును, పెద్ద వేళ్లను తవ్వితీసి, ఆ గుంతను తగిన మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. కట్టకు కావలసింది పొట్టి గడ్డి. అది మట్టిని పట్టి ఉంచుతుంది, పందికొక్కుల బొరియలను, చెదపుట్టలను, ఎండ్రకాయల రంధ్రాలను కంటికి కనిపించనిస్తుంది.

చెరువును విహార స్థలంగా తీర్చిదిద్దే పనుల్లో కట్ట నెత్తి మీద జరిగే తవ్వకం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నడకదారికి టైల్స్ వేయడం, దీపస్తంభాలకు గోతులు, కేబుళ్లకు కాలువలు, బతుకమ్మ మెట్లు, వినాయక నిమజ్జనానికి క్రేన్లు నిలిచే వేదికలు, రోజూ నీరు పట్టే పూలకుండీలు, ఇవన్నీ ప్రజలు కోరుకునేవే, ప్రజలకు దక్కవలసినవే. సంగారెడ్డి పట్టణంలోని మహబూబ్‌సాగర్ అయినా, పటాన్‌చెరు ప్రాంతపు చెరువులైనా ఊరివారు సాయంత్రం గాలి పీల్చుకోవడానికి మిగిలిన కొద్దిచోట్లు ఇవే. అయితే కట్టకు అడ్డంగా తవ్వి వదులుగా పూడ్చిన ప్రతి కాలువా వరదలో నీరు ముందుగా వెతుక్కునే దారి అవుతుంది; టైల్స్ కింద కట్ట కుంగినా పైకి తెలియదు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి రాష్ట్రంలో జరిగిన పూడికతీత ఎన్నో చెరువులకు ప్రాణం పోసింది గాని, కట్ట పాదానికి మరీ దగ్గరగా లోతుగా తవ్వితే, ఏళ్ల తరబడి పేరుకుని ఊటను అడ్డుకుంటున్న బంకమట్టి పొర పోతుంది, వాలుకు ఆసరా కూడా తగ్గుతుంది.

పారిశ్రామిక వాడ కావడం వల్ల ఇక్కడి కట్టలకు అదనంగా మరొక చిక్కు ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో గుర్తించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. నక్కవాగు మీదుగా మంజీర దాకా చేరిన వ్యర్థజలాల గురించి 1990లో సుప్రీంకోర్టులో మొదలైన వ్యాజ్యం దశాబ్దాల పాటు నడిచింది. కాలుష్యం వల్ల చేపలకు, పంటలకు, మనుషులకు కలిగిన హాని గురించి చాలా రాశారు. కట్టకు కలిగే హాని గురించి రాసినవారు తక్కువ. ఆమ్లగుణం ఉన్న నీరు, మురుగు నుంచి పుట్టే వాయువులు తూము షట్టర్ల ఇనుమును, మత్తడి సిమెంటును తినేస్తాయి. సోడియం ఎక్కువగా ఉన్న నీరు బంకమట్టిలోకి ఏళ్ల తరబడి ఇంకితే, ఆ తరువాత మంచి వాననీరు తగిలినప్పుడు మట్టి రేణువులు ఒకదానినొకటి వదిలి నీటిలో పాలలా కలిసిపోయే స్థితి రావచ్చు; అటువంటి మట్టిలో బుంగ పడటం చాలా తేలిక. అందువల్ల వ్యర్థజలాలు చేరిన చరిత్ర ఉన్న చెరువుల్లో నీటి నాణ్యతతోపాటు కట్ట మట్టి నాణ్యతను కూడా పరీక్షించడం అవసరం.

మన చట్టం ఆనకట్టలను ప్రధానంగా ఎత్తును బట్టి చూస్తుంది. 2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తు ఉన్నవాటికి, 10–15 మీటర్ల మధ్య ఎత్తు ఉండి పొడవు, నిల్వ వంటి కొన్ని షరతులకు సరిపోయేవాటికి వర్తిస్తుంది. వాటిని వానాకాలానికి ముందు, తరువాత తనిఖీ చేయడం తప్పనిసరి. ఊరి చెరువు కట్టలు చాలావరకు ఆ ఎత్తుకు చేరవు, కాబట్టి ఆ రక్షణ వాటికి దక్కదు. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ఎత్తుకు బదులు నిల్వను కొలిచి, నేలమట్టానికి పైన 25,000 ఘనపు మీటర్లకు మించి నీరు నిలిపే జలాశయాలన్నిటినీ తన పరిధిలోకి తెచ్చుకుంది. ఆ తరువాత ఇంగ్లండులో ప్రాణనష్టానికి అవకాశం ఉన్నవాటికి కనీసం పదేళ్లకొకసారి స్వతంత్ర ఇంజనీరు తనిఖీ తప్పనిసరిగా కొనసాగుతోంది. అయినా అక్కడ కూడా, 19వ శతాబ్దంలో కాలువ కోసం కట్టి ఆ తరువాత పడవ విహారానికి పేరుపడిన టాడ్‌బ్రూక్ జలాశయపు మట్టి ఆనకట్ట 2019 ఆగస్టులో దాదాపు తెగినంత పని అయింది. అదనపు మత్తడి కాంక్రీటు పలకలు కూలి, కింద మట్టి కోసుకుపోవడంతో, వేలీ బ్రిడ్జ్ పట్టణంలో సుమారు 1,500 మందిని ఇళ్లు ఖాళీ చేయించి, హెలికాప్టర్లతో వందల టన్నుల రాళ్ల బస్తాలు దించి ఆనకట్టను నిలబెట్టారు. మత్తడి రూపకల్పనలోని లోపానికి ఏళ్ల తరబడి సాగిన అరకొర నిర్వహణ తోడైందని విచారణలో తేలింది. చట్టం ఉండగానే అంతదాకా వచ్చినప్పుడు, ఏ చట్టం నీడా పడని కట్టల సంగతి మరింత శ్రద్ధగా చూడవలసి ఉంది.

పెద్ద ఆనకట్టలకు కూడా సమస్య లేకపోలేదు. 523.6 మీటర్ల పూర్తి నీటిమట్టంతో 29.91 టీఎంసీలు నిలిపే సింగూరు ఆనకట్టలో నీటివైపు మట్టికట్ట రివిట్‌మెంట్ దెబ్బతిన్నదని, వెంటనే బాగుచేయాలని నిపుణుల బృందం చెప్పిన విషయం 2025లో పెద్ద వార్త అయింది. ఆ మరమ్మతుకు నీటిమట్టం దించాలి, దించితే తాగునీటికి ఇబ్బంది. పెద్ద చెరువుల్లో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది: మట్టం దించితే పక్షులకు, చేపలకు, మత్స్యకారులకు ఇబ్బంది. దీనికి మార్గం లేకపోలేదు. వలస పక్షులు తిరిగి వెళ్లిపోయిన తరువాత, వానలు రాకముందు ఉండే ఏప్రిల్, మే నెలల్లో, ప్రతి ఏటా కాకపోయినా కొన్నేళ్లకొకసారి ముందుగా ప్రకటించి, లోతైన మడుగులను వదిలి మిగతా నీటిని నెమ్మదిగా దించవచ్చు. నెమ్మదిగా అనడానికి కారణం, మట్టం ఒక్కసారిగా పడిపోతే నానిన నీటివైపు వాలు లోపలి నీటి ఒత్తిడికి జారిపోతుంది.

ఈ పనులకు పూచీ ఎవరిదన్నది తేలకపోవడమే ఇప్పుడున్న పెద్ద అడ్డంకి. కట్ట, తూము నీటిపారుదల శాఖవి, శిఖం భూమి, అంటే చెరువు ముంపు భూమి, రికార్డులు రెవెన్యూ శాఖవి, నడకదారి, దీపాలు మున్సిపాలిటీవి, చేపలు మత్స్యకార సంఘానివి, ఎఫ్‌టీఎల్ గుర్తింపు హెచ్ఎండీఏ చెరువుల పరిరక్షణ కమిటీది, వారసత్వ హోదా జీవవైవిధ్య మండలిది. ప్రతి చెరువు కట్టకూ ఒక ఇంజనీరు పేరు, ఆయన కింద రోజూ కట్ట నడిచే ఒక కావలి మనిషి, ఇద్దరి ఫోన్ నంబర్లతో కట్ట మీదే ఒక బోర్డు ఉండటం మొదటి అవసరం. రెండవది, కట్ట నెత్తిని చివరి నుంచి చివరిదాకా లెవల్ తీసి ఎక్కడెక్కడ కుంగిందో, మత్తడి గోడ కంటే ఎంత ఎత్తున ఉందో గీసిన ఒక పటం. మూడవది, గండి పడితే నీరు ఏ వీధుల గుండా, ఎంతసేపట్లో, ఎంత లోతున వెళుతుందో చూపే మరొక పటం. ఒకప్పుడు గండి నీరు ముందుగా చేరేది వరి మళ్లకు. ఇప్పుడు ఆయకట్టు ఉన్నచోట అపార్టుమెంట్ల సెల్లార్లు, వలస కార్మికుల రేకుల గదులు, బడులు ఉన్నాయి. ఆ గదుల్లో నిద్రించేవారికి ఒడియా, హిందీ, బెంగాలీల్లో కూడా అర్థమయ్యేలా, ఏ సైరన్ మోగితే ఏ వీధి నుంచి ఏ మెరకకు చేరాలో వానాకాలానికి ముందే చెప్పి, ఒకసారి నడిపించి చూపవలసి ఉంటుంది.